నేను తీసేసిన తెలుగు వాక్యాలు

ఒక మనిషికి తగిలిన నిందను ఏళ్ల తరబడి లోపల మోస్తున్నాను. అది నాకు తగలాల్సింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో కంప్యూటర్ పని చేసేదాన్ని. యంత్రాలు తనిఖీ చేసే దేవదానం ఫోన్‌లో రిపోర్టులు టైపు చేసి నాకు పంపేవాడు. పెద్దారవీడు మనిషి. నన్ను అక్కా అనేవాడు. ఆ రిపోర్టుల్లో మళ్లీ మళ్లీ వచ్చే మాటలను బట్టి ఏ యంత్రంలో ఏ లోపముందో తేల్చే ప్రోగ్రామ్ నేను రాశాను. అది ఇంగ్లీషు మాటలనే పట్టుకునేది. దేవదానమేమో సగం తెలుగులో రాసేవాడు. 'క్రేన్ గొలుసు కిరకిరమంటాంది.' 'కొక్కెం కాడ అరిగింది.' తెర మీద అవి చెత్తలా కనిపించేవి. ఓనరుకు చూపించే రోజు దగ్గరపడింది. తెలుగు వాక్యాలన్నీ తీసేశాను. చదవకుండానా? కాదు. చదివాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. క్రేన్ ఎదురుగా 'లోపాలు లేవు' అని వచ్చింది.

గొలుసు తెగింది. కింద పనిచేస్తున్న రాహేలు కాలు నుజ్జయింది. మోకాలి కింద తీసేశారు.

ఓనరు దేవదానాన్ని నా ముందే నిలబెట్టాడు.

"గొలుసు సంగతి రాసినా సార్. అక్కకు తెలుసు, అడగండి."

"ఏందమ్మా, రాసినాడా?"

"రిపోర్టులో ఏమీ రాలేదు సార్," అన్నాను.

ఎంత జాగ్రత్తగా ఎంచుకున్న మాట! అతను రాయలేదని నేను అనలేదు కదా, తెర మీద ఉన్నదే చెప్పాను కదా అని ఎన్నేళ్లు సర్దిచెప్పుకున్నానో. దేవదానం నా వైపు చూసి, "సరేలే అక్కా" అని వెళ్లిపోయాడు. అతని ఉద్యోగం పోయింది. రాహేలుదీ అతని ఊరే, ఒకే చర్చి. ఆమె ఇంటివాళ్లు అతనితో మాట్లాడటం మానేశారని విన్నాను.

మర్నాడు ఆ వాక్యాలను ఇంగ్లీషులోకి మార్చి ప్రోగ్రామ్‌లో కలిపి చూశాను. లోపాల జాబితాలో క్రేన్ అన్నిటికంటే పైన వచ్చింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఉద్యోగం పోతుందన్న భయం కొంత. నా ప్రోగ్రామ్‌ను ఎవరైనా తప్పంటే ఓర్చుకోలేని పొగరే ఎక్కువ. తర్వాత అది తెలుగు కూడా చదివేలా సరిచేశాను. అందుకు ఓనరు శాలువా కప్పితే కప్పించుకున్నాను.

దేవదానం ఇప్పుడు కురిచేడులో మిర్చి బస్తాలు మోస్తున్నాడట. నేను వెళ్లలేదు. అడిగితే క్షమించేస్తాడేమోనని భయం.

అతను రాశాడు. నేను చదివాను. ఇంతే, ఇన్నేళ్లూ నోట రానిది. ఇప్పుడు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలికకు కూడా నాకు హక్కు లేదు.