తిప్పి చూడని పెన్నీ

ఆర్లెటా స్టౌట్ మా ఊరి బడిలో ముప్ఫై ఏళ్లు వంట చేసింది. నెలకో శనివారం పొద్దున మా చర్చి కింది గదిలో జరిగే నాణేల క్లబ్బుకు అందరికంటే ముందొచ్చి కాఫీ పెట్టేది. ఆమెను మేం సభ్యురాలిగా ఏనాడూ చూడలేదు, కాఫీ మనిషనుకున్నాం. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, అందరిలోకీ ఎక్కువగా అలా చూసింది నేనే.

మా పిచ్చి ఏమిటంటే, బ్యాంకు నుంచి పెన్నీల, అంటే ఒక సెంటు నాణేల, కాగితపు చుట్టలు తెచ్చుకుని ఒక్కోటీ భూతద్దం కింద పెట్టడం. నాణేలు కొట్టే అచ్చు తయారుచేసేటప్పుడే బొమ్మ రెండుసార్లు పడితే అక్షరం కొస చీలి కనిపిస్తుంది. అది దొరికితే పండగే. నాణెం కొట్టేటప్పుడు అచ్చు కాస్త కదిలితే మాత్రం అక్షరం పక్కన చదునుగా మెట్టులా ఉంటుంది. అది చెత్త కింద లెక్క. రెండూ పైకి ఒకేలా కనిపించి మోసం చేస్తాయి కాబట్టి నాణేన్ని వెలుగులో నాలుగు వైపులా తిప్పి చూడాలి. కొత్తవాళ్లకు ఈ మాట నూరిపోసేది నేనే, వెర్లిన్ గారంటే మహా పండితుడు కదా! ఇలాంటి చీలిక కొత్త రకం మొదట కనిపెట్టి పంపినవాళ్ల పేరు, దేశంలో నాణేలు సేకరించేవాళ్లంతా చూసే జాబితాలో వేస్తారు. నలభై ఏళ్లు వెతికినా నా పేరు అందులో ఎక్కలేదు.

ఓ శనివారం ఆర్లెటా జేబులోంచి ఓ పెన్నీ తీసింది. దాని మీది లింకన్ బొమ్మ చెవి పక్కన చిన్న పచ్చ మచ్చ ఉంది.

"వెర్లిన్, ఈ అక్షరాలు రెండుగా లేవూ? బడిలో ముప్ఫై ఏళ్లు చేశాను, ఏ గోడ మీదా నా పేరు లేదు. కనీసం ఇక్కడైనా ఎక్కుతుందంటావా?"

నాకు కడుపు మండింది. తిప్పకుండానే ఒక్క చూపు చూసి, అందరికీ వినపడేలా అన్నాను.

"అచ్చు కదిలిందమ్మా తల్లీ! సూపులో గరిటె తిప్పినంత తేలికనుకున్నావా?"

అందరూ పగలబడి నవ్వారు. ఆర్లెటా కూడా నవ్వింది. "పోనీలే, నీ చెత్త నాణేల డబ్బాలో పడెయ్," అని పెన్నీ నా దగ్గరే వదిలేసి కప్పులు కడగడానికి వెళ్లింది.

మధ్యాహ్నం ఇంట్లో దాన్ని మళ్లీ తీశాను. ఈసారి తిప్పాను. ప్రతి అక్షరం కొసా చీలి ఉంది. ఫోన్ తీసి ఆమె నంబరు నొక్కాను, రెండో రింగుకే పెట్టేశాను. తెల్లారి దాని ఫొటోలు నా పేరుతో జాబితా వేసేవాళ్లకు పంపించేశాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

జాబితా వచ్చిన రోజు క్లబ్బువాళ్లు చప్పట్లు కొట్టారు. చెర్రీలు పెట్టి కాల్చిన 'పై' అనే తీపి వంటకం ఆర్లెటాయే చేసి తెచ్చింది. "ఏదీ, ఓసారి చూడనీ," అని ఆ పెన్నీ, నా భూతద్దం తీసుకుంది. నేను నేర్పినట్టే నాలుగు వైపులా తిప్పింది. పచ్చ మచ్చ దగ్గర ఆగింది.

"చీలింది నిజమే, వెర్లిన్," అంది, నాకొక్కడికే వినపడేలా.

తర్వాత ఆ చెర్రీ వంటకం కోసి, పెద్ద ముక్క నాకే పెట్టింది.

ఆర్లెటా మళ్లీ క్లబ్బుకు రాలేదు. పేరు మార్చమని ఉత్తరం రాయడానికి ఎన్నిసార్లు కూర్చున్నానో. జాబితాలో ఇప్పటికీ నా పేరే ఉంది.