కుంచెకు రెండో కొస

మా నాయన నగరిలో హైస్కూలు పిల్లలకు చరిత్ర చెప్పేవాడు. రాజుల మీదా తారీకుల మీదా ఆయనకు పెద్ద మోజు లేదు. మనసంతా ఒక పరదేశపు పెద్దమనిషి మీదే. రెండు దేశాల సరిహద్దులో పెరిగిన మనిషి ఆయన, రెండు భాషలూ వచ్చినవాడు. పెద్ద యుద్ధం ముగిశాక, ఒకరి ముఖం ఒకరు చూడని ఫ్రాన్సునూ జర్మనీనీ ఒక చోట కూర్చోబెట్టినవాడు. ఆ పేరును నాయన ఎట్లా పలికేవాడంటే, కన్నతల్లి విన్నా తన కొడుకేనని గుర్తుపట్టేది కాదు. అందుకే నేనిక్కడ రాయడం లేదు.

"ఆయప్ప ఇద్దర్నీ స్నేహంగా ఉండండని బతిమాల్లేదు. ఫిరంగులు చేసేదానికి బొగ్గూ ఉక్కూ కావల్ల గదా, ఆ రెండిట్నీ ఉమ్మడిలో పెట్టించినాడు. ఇంక ఒకరికి తెలీకుండా ఒకరు యుద్ధం చేసేది ఎట్లా?" అనేవాడు నాయన, అన్నం కలుపుతూ కూడా.

నేను ఊరుకునేదాన్ని కాదు. "బెర్లిన్లో ఊరి నడుమ గోడ ఉండాదంట కదా నాయనా, ఇంక ఆయన కలిపిందేముంది?"

"సగం కలిసింది కదా. మిగతా సగం గూడా కలుస్తాది, సూడు."

ఆయన పట్టుదల ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు. పక్క వీధిలో మా తాత కట్టిన ఇంటికి కూడా నడుమ గోడ లేచింది. అటు పెదనాయన, ఇటు చిన్నాయన. ఇద్దరూ మగ్గం నేసేవాళ్లు. నడిపివాడైన మా నాయన ఒక్కడే చదువుకుని, వేరే ఇంట్లో కాపురం పెట్టాడు.

గొడవకు కారణం వింటే నవ్వొస్తుంది. చిన్నాయన కూతురికి చెవులు కుట్టించిన రోజు మా పెద్దమ్మను బొట్టు పెట్టి పిలవడానికి ఎవరూ పోలేదు. మా అవ్వ పిలిచిందని చిన్నమ్మ అనుకుంది, చిన్నమ్మ పిలిచిందని అవ్వ అనుకుంది. ఒకే ఇంట్లో, నాలుగడుగుల దూరంలో, పెద్దమ్మ ఆ రోజంతా లోపలి గదిలో కూర్చుండిపోయింది. దాని తర్వాత మాటలు, మాటల తర్వాత గోడ. రెండిళ్ల మధ్యా నీళ్లూ నిప్పులూ ఇచ్చిపుచ్చుకోవడం లేకుండా పోయింది. అవ్వ ఆ దిగులుతోనే మంచం పట్టింది. పోయేముందు మా నాయన చెయ్యి పట్టుకుని, "వాళ్లిద్దర్నీ కలపరా" అంది. ఆ మాట ఆయన మెడకు పడింది.

మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును వీధి పొడుగునా చాపి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వాలి. ఆ కుంచె పట్టడం ఒకరి వల్ల అయ్యే పని కాదు. పడుగుకు అటొకరు ఇటొకరు కొస పట్టుకుని సమంగా నడవాలి. ఒకరు తొందరపడితే పోగులు తెగుతాయి. అట్లాంటి మంచి కుంచె కట్టేవాళ్లు అప్పటికే మా వైపు కరువయ్యారు. తాత కుంచె పంపకాల్లో మా నాయన వంతుకొచ్చింది. మగ్గం లేనివాడికి కుంచె దేనికని అమ్మ సణిగింది. నాయన దాన్ని అటక మీద పెట్టి, అన్నకూ తమ్ముడికీ ఒకే మాట చెప్పి పంపాడు: "ఎవురికి కావల్లన్నా ఇస్తా. రెండో కొస మాత్రం రెండోవాడే పట్టల్ల."

ఇద్దరూ తిట్టుకున్నారు, నాయన్ని కూడా తిట్టారు. గంజి పెట్టకపోతే మగ్గం ఆగిపోతుంది కాబట్టి చివరికి వచ్చారు. కుడి కొస పెదనాయన, ఎడమ కొస చిన్నాయన. చెరో పక్కకు ముఖం తిప్పుకుని నడుస్తుంటే వీధి వీధంతా గడపల్లో నిలబడి చూసేది. చాలా రోజులు అట్లాగే గడిచాయి. ఒక పొద్దున పెదనాయన కాలికి రాయి తగిలి తూలాడు.

"సూసుకోని నడువన్నా," అన్నాడు చిన్నాయన.

"నాకేం కాలేదులే. ఎండెక్కతా ఉండాది, నడువు."

అంతే. ఆ పూట నాయన బడిలో ఆ పెద్దమనిషి కథ మళ్లీ చెప్పాడు, పాఠంలో లేకపోయినా. కొన్నాళ్లకు గోడ మీదుగా మజ్జిగ చెంబు అటూ ఇటూ తిరగడం మొదలైంది. నాయన అంత సంతోషంగా ఉండటం మళ్లీ నేను చూడలేదు.

తర్వాత మా ఊరికి మరమగ్గాలొచ్చాయి. చిన్నాయన కూడా పెట్టాడు. గంజి పెట్టిన పడుగు చుట్టలు చుట్టి లారీలో వచ్చేది. కుంచెతో పని లేదు. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు, చిన్నాయన కుంచె పట్టడానికి రావడం మానేశాడు, అంతే. అన్నదమ్ములు కలిసి నడిచే పొద్దులు పోయాయి. మరమగ్గాల చప్పుడుకు గోడకవతల పెదనాయన ఇంట్లో గిన్నెలు అదిరేవి. మళ్లీ మాటలు పెరిగాయి. రెండో కొస పట్టేవాడు లేక పెదనాయన మగ్గం మూలకు చేరింది. పెద్దమ్మను తీసుకుని తిరుపతికి పోయి, ఒక లాడ్జీలో గదులు చూసుకునే పనికి కుదిరాడు.

అక్కడే జబ్బుపడి ఆసుపత్రిలో చేరాడు. నాయన బస్సుల్లో తిరుపతికీ నగరికీ తిరిగాడు.

"తమ్ముణ్ణి రమ్మని సెప్పేదా?" అని నాయన అడిగితే, "నేనెందుకు పిలస్తా? వాడికి తెలీదా?" అనేవాడు పెదనాయన.

ఇక్కడ చిన్నాయన, "అన్న పిల్చినాడా? పిలిస్తే ఇప్పుడే పోతా," అనేవాడు.

మళ్లీ అదే బొట్టు! నాకు ఒళ్లు మండిపోయింది. "పిల్చినాడని ఒక్క అబద్ధం సెప్పు నాయనా," అన్నాను.

"అబద్ధంతో కలిపితే నిలవదమ్మా," అన్నాడు. నాయనకు ఇవన్నీ నేర్పిన ఆ పరదేశపు పెద్దమనిషి మీద నాకు మొదటిసారి కోపమొచ్చింది.

ఒక ఉదయం పెదనాయనే నోరు తెరిచాడు. "వాణ్ణి రమ్మను." నాయన టిఫిన్ కూడా తినకుండా నగరి బస్సెక్కాడు. చిన్నాయన విన్న వెంటనే చొక్కా తగిలించుకుని వచ్చాడు. ఇద్దరూ తిరుపతికి చేరేసరికి పెదనాయన లేడు. తలుపు వైపు చూస్తూనే పోయాడని పెద్దమ్మ చెప్పింది.

తర్వాత నాయన ఒకటే మాట అన్నాడు. "ఆయప్ప బొగ్గుతోనే నిలిపెయ్యలేదు. ఇంకోటి, ఇంకోటి కలపమన్నాడు. నేను కుంచెతోనే గెలిచినాననుకుంటిని." తర్వాత బడిలో ఆ కథ చెప్పడం మానేశాడు.

దినాలు ముగిశాక చిన్నాయన మా ఇంటికొచ్చి కుంచె అడిగాడు. గంజి పెట్టడానికి ఆయన దగ్గర పడుగు లేదు. నాయన అటక మీద నుంచి దించాడు. చిన్నాయన ఎడమ కొస తను పట్టుకుని, కుడి కొస నాయన వైపు చాపాడు.

నాయన చేతులు ముందుకు రాలేదు. "అది అన్నదిరా," అన్నాడు.

చిన్నాయన కుంచెను ఒళ్లో పెట్టుకుని మా గడప మీదే కూలబడి ఏడ్చాడు.