తిరుత్తణి పెళ్ళి మండపంలో పలకని బల్లి

మాది తిరువళ్ళూరు. తిరుత్తణి మాకు దూరం కాదు, ఏడాదికి రెండుసార్లయినా కొండెక్కి స్వామిని చూసి వస్తాను. ఈసారి మాత్రం కొండ వైపు కన్నెత్తి చూడకుండా తిరిగొచ్చాను. కారణం మా మేనకోడలు యామిని. చెన్నైలో చేస్తున్న ఆఫీసు ఉద్యోగం మానేసి, ఒక స్నేహితురాలితో కలిసి వీడియో గేమ్ తయారు చేస్తోంది. దాని నాన్న, అంటే మా తమ్ముడు మునిరత్నం, తెలిసినవాళ్ళను పట్టుకుని అంబత్తూరులో మళ్ళీ ఒక ఉద్యోగం కుదిర్చాడు. సోమవారం చేరాలి. "ముందు రోజు తిరుత్తణిలో మా ఆటను అందరికీ చూపిస్తున్నాము. ఒక్కసారి వచ్చి చూసి, ఆ తరువాత మీరు చెప్పినట్టు చేస్తాను" అని యామిని బతిమాలింది. తమ్ముడు ఆ తీర్పు నా మీద పెట్టాడు. "అక్కా, నువ్వు ఉప్పూ పప్పూ కూడా లెక్క చూసి కొనేదానివి. నువ్వు చూసి పనికొస్తాదంటే సరే. లేదంటే అది సోమవారం ఆఫీసుకి పోవాల్సిందే" అన్నాడు ఫోనులో. అలా నాకు బొత్తిగా తెలియని విషయంలో న్యాయం చెప్పడానికి ఆదివారం పొద్దున బయలుదేరాను.

తిరువళ్ళూరు నుంచి నేరుగా తిరుత్తణి పోయే లోకల్ రైళ్ళు తక్కువ. అది దొరక్కపోతే అరక్కోణంలో దిగి మారాలి. నేను ఎనిమిదిన్నర ప్రాంతంలో వచ్చే రైలు చూసుకున్నాను. టికెట్టు పదిహేను రూపాయల లోపే. బస్సులో అయితే దానికి మూడింతలు అవుతుంది, ఆదివారం నిలబడే పోవాలి. తమ్ముడు తిరునిన్రవూరులో ముందే ఎక్కి, కిటికీ పక్క సీటు మీద తుండుగుడ్డ వేసి నా కోసం ఉంచాడు. కడంబత్తూరు దాటేదాకా వాడు ఫోను తీసి చూసి మళ్ళీ జేబులో పెట్టుకుంటూనే ఉన్నాడు.

"ఏమిరా, ఇంట్లో ఏమన్నా గొడవా?" అన్నాను.

"గొడవ ఏముండాది? మాటలుంటే గదా గొడవ. అది నాతో మాట్లాడి పది దినాలాయె. అన్నం పెట్టను వచ్చినా ఫోను చూస్తానే పెడతాది."

"నువ్వు మాట్లాడినావా?"

"నేనెందుకు మాట్లాడేది? నాయన్ని నేనా, అదా?"

ఆ తరువాత తిరుత్తణి దాకా ఇద్దరం వేరుశనక్కాయలు తిన్నాము.

స్టేషను బయట ఆటో అతను మమ్మల్ని చూడగానే కొండకు నూట యాభై అన్నాడు. కొండకు కాదు, ఫలానా కల్యాణ మండపానికి అని చెప్పాను. అతను వెనక్కి తిరిగి చూశాడు. మా మాట విని తెలుగులోకి మారాడు. "మార్గళి నెలలో పెండ్లా? ఎవురమ్మా మీరు, అంత తొందర ఏమొచ్చె?"

"పెండ్లి కాదప్పా, గేము" అన్నాడు తమ్ముడు ముఖం చిట్లించి.

"గేమా? మండపంలో క్యారమ్సా?"

చివరికి ఎనభైకి ఒప్పుకున్నాడు. అతను అడిగిన ప్రశ్నలోనే సంగతి ఉంది. మార్గళిలో, అంటే ధనుర్మాసంలో, ముహూర్తాలు ఉండవు కాబట్టి మండపం అద్దె సగానికి సగం తగ్గుతుంది. చేతిలో డబ్బు లేని పిల్లలు అందుకే ఆ నెల చూసుకున్నారు. లోపలికి వెళ్ళడానికి మనిషికి నూరు రూపాయలు, భోజనం అందులోనే. ఇంకా అమ్మకానికి రాని ఆటలు, వచ్చే ఏడాది ఎప్పుడో వచ్చేవి, పదిహేను దాకా బల్లల మీద పెట్టారు. పెద్ద కంపెనీల ఆటలు కావు. ఇద్దరు ముగ్గురు కలిసి ఇంట్లో కూర్చుని తయారు చేసినవి.

వీడియో గేమ్ అంటే తుపాకులు, కార్లు అనుకుని పోయాను. మొదటి బల్ల దగ్గరే నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ ఆటలో మనం ఒక పన్ను. ముసలావిడ నోట్లో ఊగుతూ ఉన్న చివరి పన్ను. ఆమె మురుకు కొరికినప్పుడల్లా మనం ఊడిపోకుండా గట్టిగా పట్టుకుని ఉండాలి. నేను మూడో మురుకుకే ఊడిపోయాను. ఆమె నన్ను చేతిలోకి తీసుకుని చూసిన చూపుకు నిజంగానే ఒళ్ళు జలదరించింది. పక్క బల్ల మీద రేషన్ షాపు ముందు నిలబడిన జనం వరుస. అందులో మనం మనిషి కూడా కాదు, ఆ వరుసే మనం. ఎవరూ మధ్యలో దూరకుండా ఒళ్ళు బిగించుకుని ఉండాలి. "వీళ్ళకి బుద్ధి ఉండాదా లేదా?" అని తమ్ముడు గట్టిగానే అన్నాడు.

వాడిని ఊరుకోబెడుతూ తల ఎత్తి వేదిక చూశాను. పెళ్ళికూతురిని, పెళ్ళికొడుకును కూర్చోబెట్టే చోట శవం పెట్టె ఉంది. చావు ఇళ్ళలో తెచ్చి పెట్టే అద్దం మూత ఐసు పెట్టె లాంటిదే, చెక్కతో చేశారు. అందులో ఒక మనిషి కళ్ళు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. అది కూడా ఆటేనట. చనిపోయినవాడిగా పెట్టెలో పడుకుంటే, పైన తెరలో బంధువులు ఒక్కొక్కరే వంగి మన ముఖం చూసి ఏడుస్తారు. ఎవరిది నిజమైన ఏడుపో మనం కనిపెట్టాలి. నేను "రామ రామ" అని కళ్ళు మూసుకున్నాను. తమ్ముడు అప్పటికే గుమ్మం వైపు నడుస్తున్నాడు.

వంటశాల గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిన వంటాయన వాడిని ఆపాడు. "కోపం చేసుకోవద్దయ్యా. పొద్దున నేనూ అరిచినాను. నలభై ఏండ్లుగా ఈ మండపంలో పాయసం చేస్తాండాను, అది శవం పెట్టె పెట్టే చోటు కాదు రా అని. ఆ ఆట చేసిన పిల్లోడు నన్నే పండుకోబెట్టినాడు."

"పండుకున్నావా?" అన్నాడు తమ్ముడు.

"పండుకున్నా. మా తోడల్లుడు లాంటోడు ఒకడు వచ్చి ఏడ్చినాడు. దొంగ ఏడుపు, వెంటనే కనుక్కుంటి" అని నవ్వాడు. "తిని పోండయ్యా, సాంబారు తయారాయె."

ఆ సాంబారు వల్లనే తమ్ముడు వెళ్ళిపోకుండా ఆగాడు. తిని చేతులు కడుక్కునేసరికి యామిని వచ్చి నా చేయి పట్టుకుంది. తండ్రి వైపు చూడలేదు. "రా అత్తా, మా ఆట చూద్దువు" అని లాక్కుపోయింది. పెళ్ళిళ్ళలో వేసే ఎర్ర మఖమలు సింహాసనం కుర్చీ వాళ్ళ ఆటకు దొరికింది, నన్ను అందులో కూర్చోబెట్టింది. ఎదురుగా పెద్ద తెర. తెర మీద ఒక వంటిల్లు, గోడ పైనుంచి చూసినట్టు కనబడుతోంది.

"దీంట్లో నేనెవరు?" అన్నాను, పన్ను, వరుస, శవం చూశాక ఇక దేనికైనా సిద్ధపడి.

"బల్లి."

మన ఇళ్ళలో ఎవరైనా ఒక మాట అంటూ ఉండగా బల్లి పలికితే, ఆ మాట నిజమని వేలితో మూడుసార్లు తట్టి "కృష్ణా కృష్ణా" అనుకుంటాము కదా, ఆట అంతా దాని మీదే. మనం గోడ మీద ఉంటాము. కింద ఇంటివాళ్ళు మాట్లాడుకుంటూ ఉంటారు. మనకున్నది ఒకటే మీట. ఏ మాట వెనక నొక్కి పలికితే ఆ మాట ఆ ఇంట్లో నిర్ణయం అయిపోతుంది. ఇల్లంతా పచ్చ రంగు వేద్దామా అని ముసలాయన తమాషాకు అన్నప్పుడు నేను నొక్కాను. మరుసటి పొద్దుకు ఆవు కొమ్ములు కూడా పచ్చగా ఉన్నాయి. ఆ మనుషులు మాట్లాడేది అచ్చంగా మా ఇళ్ళలో మాట్లాడే తెలుగు. సగం అరవం కలిసిన ఆ మాటను నేను టీవీలో ఎప్పుడూ వినలేదు.

నేను నవ్వుతున్నాను. తమ్ముడు నా వెనక నిలబడి, "చాలక్కా. నీకు తెలిసిపోయుంటాది. ఇది కూడు పెట్టే పని కాదు. సోమవారం అది ఆఫీసుకి పోవాల్సిందే" అన్నాడు.

వాడి వైపు తిరగబోతూ మీట మీద నా బొటనవేలు పడింది. స్పీకర్లలో నుంచి బల్లి పలికింది. హాలు మొత్తానికి వినబడింది.

తమ్ముడు ఆగిపోయాడు. ఆ వెంటనే, ఎవరో ఆజ్ఞ ఇచ్చినట్టు వంగి, కుర్చీ చెక్క మీద మూడుసార్లు తట్టాడు. "కృష్ణా కృష్ణా. విన్నావు గదక్కా. అయిపోయె."

నేను మీట ఉన్న కంట్రోలర్ పక్కన పెట్టి లేచాను. యామిని ముఖం తెల్లబోయింది. "నాన్నా, అది నిజం బల్లి కాదు. నేను రికార్డు చేసింది. మన వంటింట్లో బల్లి."

"మన ఇంటి బల్లేనా? అయితే ఇంకేం కావాల? మన ఇంటి మాటే చెప్పినాది."

"నొక్కింది నేను రా. చేయి జారి తగిలింది" అన్నాను.

"నీ చేత నొక్కించింది ఎవరక్కా?"

వాడు వేళాకోళం ఆడటం లేదు. ఆ సంగతి నాకు వాడి గొంతులోనే తెలిసింది. పిల్ల ఎనిమిది నెలలు పడిన కష్టం నా బొటనవేలి కింద నలిగిపోయింది. యామిని ముఖం కడుక్కోవడానికి వెళ్ళిపోయింది. వెనక ఆడటానికి వరుసలో ఉన్న ఇద్దరు కుర్చీ వైపు జరిగారు. తమ్ముడు అలవాటు కొద్దీ తుండు కుర్చీ మీద వేసి, "పిల్ల వస్తాది, ఉండండి" అని తానే కూర్చున్నాడు. కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకున్నాడు. తెర మీద కొత్త రోజు మొదలైంది.

ఆ ఇంట్లో ఆడపిల్ల ఏదో అడగాలని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. దూరం పంపకూడదు అంది అమ్మ. ఆ తల్లి ఆగి, తల ఎత్తి గోడ మీద బల్లి వైపు, అంటే తెరలో నుంచి నేరుగా మా తమ్ముడి కళ్ళలోకి చూసింది. వాడు కదల్లేదు. తండ్రి ఒక మాట అన్నాడు, తాత ఒక మాట అన్నాడు, ప్రతి మాటకూ అందరూ తల ఎత్తి ఎదురుచూశారు.

"నొక్కురా" అన్నాను.

"నేనెట్ల నొక్కేది? బల్లి ఊరికే పలుకుతాదా? లేని మాట పలికిస్తే పాపం" అని చేతులు కట్టుకున్నాడు.

అరగంట అలాగే కూర్చున్నాడు. యామిని తిరిగి వచ్చి, వాడి వెనక నిలబడి, తడి ముఖం తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. "అత్తా, మీట ఒక్కసారి కూడా నొక్కకుండా ఇంత దూరం ఎవరూ రాలేదు. అందరూ నొక్కేస్తారు" అని నా చెవిలో అంది. తెర మీద పొద్దు వాలింది. "ఈ దినం బల్లి పలకలేదే" అన్నాడు తాత. ఇక ఎవరి నోటి వైపు చూడాలో తెలియక అందరూ అన్నానికి కూర్చున్నారు. కాసేపటికి ఆ తండ్రి చేయి కంచంలోనే ఉంచి, "ఏమ్మా, నీకేం కావాల?" అన్నాడు. పిల్ల నోరు తెరిచింది. తెర నల్లబడింది.

"ఏమాయె? కరెంటు పోయెనా?" అని తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"లేదు నాన్నా. ఆడి దాకానే చేసుండాము."

పది రోజుల తరువాత వాళ్ళిద్దరి మధ్య అదే మొదటి సరైన మాట.

"ఆ పిల్ల ఏం చెప్పినాది?"

"ఇంకా రాయలే."

"రాయలేదంటే? ఆ నాయన అడిగినాడు గదా! వానికి జవాబు చెప్పొద్దా?"

"చెప్పాల. నాకే ఇంకా తెలియలే నాన్నా. టైము కావాల."

"ఎన్నాళ్ళు?"

"ఆరు నెలలన్నా."

వాడు తెర వైపు ఇంకోసారి చూశాడు. జేబులో నుంచి ఫోను తీసి, అంబత్తూరు ఉద్యోగం చూసిపెట్టిన మనిషికి అక్కడే, మాకు వినబడేలా ఫోను చేశాడు. "లేదు సార్, అది రాదు. వేరే పని ఉండాది, సగంలో ఉండాది" అన్నాడు. తీర్పు చెప్పడానికి వచ్చిన నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. తిరుగు రైలులో నేనే ఉండబట్టలేక, బల్లి పలికింది కదరా, దానికేమంటావు అన్నాను. "పలికింది, కాదన్లా. సోమవారమనింది. ఏ సోమవారమో అన్లా" అన్నాడు, శనక్కాయ నోట్లో వేసుకుంటూ.

ఇంటికి వచ్చి రెండు రోజులైనా నా విస్మయం తగ్గలేదు. శవం పెట్టె కన్నా నన్ను ఎక్కువ దడిపించినది తెరలో నుంచి పైకి చూసిన ఆ ముఖాలు. ఏ మాటకైనా ఎవరో ఒకరు అవునంటే బాగుండునని చూస్తున్న ముఖాలు. మా ఇంట్లో ఏ నిర్ణయమైనా ఇన్నేళ్ళుగా నా దగ్గరికే వస్తుంది, నేను లెక్క చూసి చెబుతాను, అందరూ సరే అంటారు. దాన్ని నేను గౌరవం అనుకుంటూ వచ్చాను. గోడ మీద ఉన్నది నేనేనేమో అని ఇప్పుడు అనిపిస్తోంది. నిన్న రాత్రి అన్నం దగ్గర మా ఆయన, ఫ్రిజ్ మార్చాలా వద్దా అని నా వైపు చూశారు. నేను పలకలేదు. ఆయన చాలాసేపు ఆగి, "నిజానికి నాకు మార్చాలని లేదు" అన్నారు. పెళ్ళయిన తరువాత ఆయన "నాకు వద్దు" అనడం ఎప్పుడూ వినలేదు నేను.

ఇలాంటి ఆటల ప్రదర్శనకు ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకుపోయేవారికి ఒక్క మాట. ముందు భోజనం పెట్టించండి, తరువాత ఆటను వాళ్ళ చేతిలో పెట్టి మీరు కాఫీకి వెళ్ళిపోండి. పక్కన నిలబడి నొక్కమని చెప్పకండి.