బీటువారిన నంది, రెండు పుంజులు

నంద్యాలలో మేముండే వీధి చివర ఎవరో కొత్త ఇల్లు కడుతున్నారు. పొద్దున నేను కళ్లాపి చల్లుతుంటే ఉలి చప్పుడు మొదలైంది. టక్కు, టక్కు, కాస్త ఆగి మళ్లీ టక్కు. దాని వెనకే తడిసిన రాతిపొడి వాసన వచ్చింది. చెంబు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడి నవ్వుకున్నాను. నాకది ఓబులమ్మ పెద్దమ్మ వాసన. మీరు ఆమెను చూసి ఉండరు, అందుకే చెబుతున్నాను. నా చదువు ఐదో తరగతితో సరి. మాటలు మాత్రం ఎన్నయినా చెప్పగలను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నన్ను ఆళ్లగడ్డకు ఇచ్చారు. కాపురానికి పోయేటప్పుడు మా నాయన ఒక ఎర్ర పుంజును నా ఒళ్లో పెట్టాడు. పిల్లగా ఉన్నప్పటి నుంచి నా చేతి గింజలు తిని పెరిగింది అది. బస్సులో కండక్టరు, "దీనికి అర టిక్కెట్టా, ఫుల్లా?" అని నన్ను ఏడిపించాడు. అత్తగారింట్లో అప్పటికే ఒక నల్ల పుంజు ఉంది. ఆరు పెట్టలకూ అదే దొర. నా ఎర్రోణ్ణి దొడ్లో దించానో లేదో, ఆ నల్లోడు మెడ ఈకలు గొడుగులా విప్పి మీదికి దూకాడు. నేను చీపురు తీసుకుని మధ్యలో పడ్డాను. ఎర్రోణ్ణి గంప కింద మూసి పెట్టాను. గంప తీస్తే మళ్లీ మొదలు. ఇట్లా పది రోజులు గడిచాయి. రెండింటి జుట్లూ రక్తాలే, పెట్టలు గుడ్లు పెట్టడం కూడా తగ్గించాయి. ఒక సోమవారం మా అత్త నడుము మీద చెయ్యేసుకుని తీర్పు చెప్పేసింది.

"ఏమ్మే, ఆదివారం అల్లుడొస్తాండాడు. అంతలోపల రెండూ ఒకతావు మేసినాయా, సరి. లేదా, నీ పుట్టింటోడు కూరలోకే."

ఆ రాత్రి అన్నం వదిలేసి గంప పక్కనే కూర్చున్నాను. మా నాయన ఇచ్చిన పుంజును నా చేత్తోనే మసాలా నూరి వండాలా?

మా దొడ్డి గోడకు ఆవల ఓబులమ్మ పెద్దమ్మ ఉండేది. ఆమె భర్త విగ్రహాలు చెక్కేవాడు. చెక్కిన రాతిని ఇసుకా నీళ్లూ వేసి నున్నగా రుద్దడం ఆమె పని. మోచేతుల దాకా బూడిదరంగు పొడి, నోట్లో ఎప్పుడూ ఆకువక్క. ఆమె దొడ్డి నిండా తలలు రాని దేవుళ్లు, కాళ్లు రాని ఏనుగులు, అడ్డదిడ్డంగా నిలబెట్టిన బండలు. వాటి మధ్య నాలుగు పుంజులు. నాలుగు! ఒకదాని జోలికి ఒకటి పోదు. నేను గోడ మీదికి వంగి, "పెద్దమ్మా, నీ పుంజులకు ఏం మందు పెడతాండావ్?" అని అడిగాను.

"నేనేం పెడతా పాపా? వాండ్ల పాటికి వాండ్లుంటాండారు," అంది రుద్దుతూనే.

నాకు వెంటనే అర్థమైపోయింది. అర్థమైందని అనుకున్నాను, అంతే. అంతమంది దేవుళ్లు కూర్చున్న దొడ్లో కోళ్లు కొట్లాడతాయా? నాకూ ఒక దేవుణ్ణి ఇప్పించమని అడిగాను. పెద్దమ్మ ఒక్క క్షణం నన్ను చూసి, పెదవులు బిగబట్టి, మూలనున్న ఒక నందిని చూపించింది. మోకాలెత్తుంటుంది. చెక్కేటప్పుడు మెడ దగ్గర బీటువారిందని పక్కన పడేశారు. బుధవారం మా ఆయనా పెద్దమ్మ భర్తా దాన్ని దుంగల మీద దొర్లించి తెచ్చి మా దొడ్లో పెట్టారు. నేను దాన్ని కడిగి, పసుపు రాసి, గోడకు ఆనించి, మూడు చుట్లు తిరిగేందుకు చోటు లేక నిలబడిన చోటే మూడుసార్లు తిరిగాను. గురువారం పొద్దున నల్లోడు ఆ నంది నెత్తి మీదికే ఎక్కి, అక్కడి నుంచి ఎర్రోడి మీదికి దూకాడు.

గోడకు ఆవల పెద్దమ్మ నవ్వు ఆపుకోలేక రాయి వదిలేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ మా దొడ్లోకి వచ్చింది. "కండ్లు తెరిపీని బొమ్మది, పాపా. పూజ చేసి ప్రాణం పొయ్యలే, ఉత్త రాయే. దానికి మొక్కితే ఎవురు వింటారు? గోడకానిచ్చి పెడితివి, ఓడినోడు యాడ దాక్కోవల్ల?"

అప్పుడు చూపించింది అసలు సంగతి. మా దొడ్డి అరచెయ్యిలాగా బోడిగా ఉంది. ఏ మూలకు పోయినా ఒకదానికొకటి కనబడుతూనే ఉంటాయి. నందిని దొడ్డి నడుమకు లాగించింది. రెండు బేతంచెర్ల నాపరాతి బండలను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టించింది. జొన్నలు ఒకే కుప్ప పోయకుండా నందికి ఆ పక్కా ఈ పక్కా చల్లమంది. ఆఖరికి నా చేతిలోని చీపురు లాక్కుంది.

"ఇంగ నువ్వు కదలొద్దు. తేలకముందే ఇడిపిస్తాండావ్, అందుకే రోజూ మొదుట్నించి కొట్టుకుంటాండాయి. ఎవురు పెద్దో తేల్చుకోనీ."

"నా ఎర్రోడు సచ్చిపోతే?"

"పడిపోయినోని మీదెక్కి పొడిస్తే గంప వేద్దాం, గంప నా చేతిలోనే ఉండాది. మెడ దించుకుని పక్కకు పోతే అయిపోయినట్టే. ఓడినోనికి మొగం దాచుకునేకి తావుండల్ల పాపా. అదుంటే మల్లా మల్లా కొట్లాడడు."

నా జీవితంలో అంత పొడుగైన పావుగంట లేదు. ఈకలు ఎగిరాయి, దుమ్ము లేచింది. నేను పెద్దమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. గెలిచింది ఎర్రోడని చెప్పాలని నాకెంత ఆశో! కానీ మెడ దించి నంది వెనక్కి నడిచిపోయింది నా ఎర్రోడే. నల్లోడు రెండడుగులు వెంటబడ్డాడు, కనబడకపోయేసరికి ఆగి, రెక్కలు దులుపుకుని కూశాడు. నా కళ్లలో నీళ్లు. "పుట్టిల్లు ఓడిపోయిందని ఏడుస్తాండావా?" అని పెద్దమ్మ నా బుగ్గ గిల్లింది. "బతికినాడు కదే, పిచ్చిదానా!"

శుక్రవారం ఒక చిన్న తోపులాట, శనివారం అదీ లేదు. ఆదివారం మా అత్త గంప చంకన పెట్టుకుని, ఎర్రోణ్ణి పట్టడానికి దొడ్లోకి వచ్చింది. నందికి ఈ పక్క నల్లోడు, ఆ పక్క ఎర్రోడు, తల ఎత్తకుండా మేస్తున్నాయి. మా అత్త గంపతో సహా నిలబడిపోయింది. "చూస్తివా అత్తా!" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. గోడ మీద నుంచి పెద్దమ్మ నన్నే చూస్తోంది. ఆకు నమలడం ఆపింది. నేను మాట మింగేసి, "అత్తా, జొన్నలు అయిపోవచ్చినాయి, ఇంగ కొన్ని తెచ్చిపెడతావా?" అన్నాను.

మా అత్త లోపలికి పోయింది. చేటెడు జొన్నలతో తిరిగి వచ్చేసరికి గంప చేతిలో లేదు, మొహంలో బిగువూ లేదు. "ఆ ఎర్రోనికి నాలుగు ఎక్కువెయ్యి, సన్నబడినాడు," అంది. ఆ పూట అల్లునికి గుడ్ల పులుసు వండాం. రెండుసార్లు వడ్డించుకున్నాడు.

పెద్దమ్మ నాకు ఇంకా చాలా నేర్పింది. రాయి రుద్దడం నేర్పింది, ఆకులో సున్నం ఎంత రాయాలో నేర్పింది. ఎదుటి మనిషికి మాట తగిలినప్పుడు మనం చూపు పక్కకు తిప్పుకోవాలని మాత్రం నోటితో ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు నంద్యాలలో మా ఆయనకూ నాకూ వాదన వచ్చి నేను గెలిస్తే, ఇంకొక్క మాట కూడా అనను. బిందె తీసుకుని బావికి పోతాను. బిందె నిండి నేను తిరిగి వచ్చేసరికి ఆయన ఏమీ జరగనట్టు కూర్చుని, "కూర ఏం చేస్తాండావ్?" అని అడుగుతాడు. మా వీధిలో అందరిళ్లలో నీళ్లకు కటకట. మా ఇంట్లో మాత్రం తొట్టి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.