అట్రాక్టా అత్తయ్య మట్టి సాసరు

మా ఊళ్లో ఎవరు పోయినా మొదటి కబురు అట్రాక్టా అత్తయ్యకే వెళ్లేది. పాదిరిగారికి ఆ తర్వాతే. శవానికి స్నానం చేయించి, గడ్డం గీసి, వేళ్లకు జపమాల చుట్టి, ఆ పక్కనే కుర్చీ వేసుకుని టీ తాగేది. “పోయినవాళ్లతో ఏ పేచీ ఉండదు ఫిలొమినా, బతికున్నవాళ్ల నోళ్లే భరించలేం,” అనేది నావైపు చూస్తూ. ఆమె నా భర్త మలాకీకి మేనత్త. పెళ్లి చేసుకోలేదు. షానన్ ఏటి ఒడ్డున రాతి ఇల్లు, రెండు ఆవులు, కొన్ని కోళ్లు, వాటిని మించిన నోరు. అంత గుండెదిటవు గల మనిషీ ఏడాదికోసారి, అక్టోబరు ఆఖరున పోయినవాళ్లు ఇళ్లకొస్తారనే హాలోవీన్ సాయంత్రం, బల్లమీద మూడు సాసర్లు చూసి వణికేది. చాలా ఏళ్లు నేనది చాదస్తం అనుకున్నాను.

ఆ సాయంత్రం అందరం ఆమె వంటింట్లోనే చేరేవాళ్లం. వెన్న వేసి మెదిపిన బంగాళదుంపా క్యాబేజీ, ఎండుద్రాక్షల రొట్టె, ఆపైన సాసర్ల ఆట. ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో ఉంగరం, ఒకదాంట్లో మట్టి. కళ్లకు గంతలు కట్టి, మూడు చుట్లు తిప్పి, చెయ్యి పెట్టమంటారు. నీళ్లు తగిలితే సముద్రం దాటుతారు, ఉంగరం తగిలితే పెళ్లవుతుంది. మట్టి తగిలినవాళ్లు మళ్లీ హాలోవీన్ చూడరు. సాసర్లు అటూ ఇటూ మార్చేది మాత్రం అత్తయ్యే. ఇంకెవర్నీ ముట్టనిచ్చేది కాదు. నేను కాపురానికొచ్చిన పద్నాలుగేళ్లలో మట్టి ఒక్కరి చేతికీ తగల్లేదు. “మా ఇంటి అదృష్టం,” అనేవాడు మలాకీ, వెర్రిబాగులవాడు.

ఆ ఏడు మా అమ్మాయి డింప్నాకి పదకొండేళ్లు. పుట్టుకతోనే దాని గుండెలో చిల్లు ఉంది. నాలుగు మెట్లెక్కితే పెదాలు నీలంగా అయ్యేవి. హాలోవీన్ దాటిన మంగళవారం డబ్లిన్‌లో ఆపరేషన్. నేను మధ్యాహ్నమే అత్తయ్య ఇంటికి వెళ్లాను.

“ఈ ఏడు సాసర్లు వద్దత్తయ్యా,” అన్నాను క్యాబేజీ తరుగుతూ.

“ఎందుకు లేవని పిల్ల అడిగితే ఏం చెబుతావే? నువ్వు బతుకుతావో లేదోనని మానేశామంటావా?”

“పోనీ మట్టొక్కటీ తీసేద్దాం,” అన్నాను.

పిండి పిసుకుతున్న అత్తయ్య చేతులు ఆగాయి. “బల్లమీద ఉన్నంతసేపూ అదెక్కడుందో నాకు తెలుస్తుంది. తీసేశామనుకో, ఇంట్లో ఎక్కడ తిరుగుతోందో ఎవరికి తెలుసు?”

నాకు ఒళ్లు మండిపోయింది. శవాలకు గడ్డం గీసే మనిషికి గుప్పెడు పెరటిమట్టంటే భయమేమిటి! కానీ ఆ పిండిలో ఆమె వేళ్లు చూశాను. ఆ శీతాకాలానికి కీళ్లవాతం ముదిరి కొక్కేల్లా వంగిపోయాయి. చెంచా కూడా సరిగ్గా పట్టలేకపోతోంది. నా కోపం అక్కడితో చల్లారిపోయింది.

ఐదింటికే చీకటి పడింది. టర్నిప్ దుంపను తొలిచి చేసిన బూచి ముఖంలో కొవ్వొత్తి వెలిగించి కిటికీలో పెట్టాం. పోయినవాళ్ల కోసం తలుపు గొళ్లెం తీసి ఉంచాం. పొయ్యి పక్కన ఫింటన్ కుర్చీ ఎప్పట్లానే ఖాళీగా ఉంది. ఫింటన్ అత్తయ్యకి అన్న. పంతొమ్మిదేళ్లకే ఏట్లో పడవ తిరగబడి పోయాడు.

“మామ్మా, నాకు ఉంగరం రావాలి. అప్పుడే స్కూలు మానెయ్యొచ్చు,” అంది డింప్నా గంతలు కట్టించుకుంటూ.

“నిన్ను చేసుకునేవాడికోసం ఇప్పట్నుంచే చర్చిలో కొవ్వొత్తులు వెలిగిస్తానే తల్లీ, పాపం వాడు!” అన్నాడు మలాకీ. దాన్ని మూడు చుట్లు తిప్పి బల్ల దగ్గరికి వదిలాడు.

గడియారం ఆరు కొడుతుండగా అత్తయ్య సాసర్లు మార్చసాగింది. డింప్నా చెయ్యి గాల్లో ఎటు కదిలితే అటునుంచి మట్టి సాసరు పక్కకు జరుగుతోంది. అప్పుడర్థమైంది నాకు, మా ఇంటి అదృష్టం ఎవరి చేతుల్లో ఉందో. ఇన్నేళ్లూ తొండి ఆట ఆడుతోంది మహాతల్లి!

ఇంతలో సాసరు బల్లగుడ్డ మడతలో ఇరుక్కుంది. అత్తయ్య నెట్టింది. వంగిన వేళ్లు జారాయి. మళ్లీ నెట్టింది, అది కదల్లేదు. డింప్నా చెయ్యి తిన్నగా దానిమీదికే దిగుతోంది. చాదస్తమని పద్నాలుగేళ్లు ఎగతాళి చేసిన నేనే బల్లవైపు ఉరికాను.

అత్తయ్య తన అరచెయ్యి మట్టిలోకి దభీమని పెట్టేసింది. పిల్ల వేళ్లు ఆ చేతి వెనకవైపున వాలాయి.

“నాదే ముందు. మట్టి నాది,” అంది.

“ఇదెక్కడి తొండి అత్తా!” అని నవ్వాడు మలాకీ.

“తొండే. నోర్మూసుకుని రొట్టె కొయ్యి.”

డింప్నా గంతలు లాగేసి, “నీ చెయ్యేంటి మామ్మా ఇంత చల్లగా ఉంది?” అంది.

నేనామెను కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను. గోళ్లలో మట్టి కడుగుతుంటే, నా ముఖం చూడకుండా చెప్పింది. “అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఫింటన్ నా ఆపిల్ లాక్కుని తినేశాడని కోపం. వాడికి గంతలు కట్టి ఉండగా మట్టి సాసరు నేనే వాడి చేతికిందికి తోశాను. అందరం పడీ పడీ నవ్వాం. మార్చిలో పడవ తిరగబడింది.” కుళాయి కట్టేసింది. “యాభైయొక్కేళ్లయిందే. నువ్వే మొదట వింటున్నది.”

తువ్వాలు తీసుకుని ఆ చేతులు తుడిచాను, ఒక్కో వేలూ.

మంగళవారం ఆపరేషన్ ఐదు గంటలు సాగింది. పిల్ల బతికింది. క్రిస్మస్‌కి మెట్లన్నీ పరుగున ఎక్కేస్తోంది. మాకు పండగే, కానీ అత్తయ్య తన చావుకి తయారవడం మొదలుపెట్టింది. పాలిచ్చే ఆవును మాకు తోలింది. శవపేటికలో తొడగాల్సిన గోధుమరంగు గౌను ఇస్త్రీ చేసి, ఏ అరలో ఉందో నాకు చూపించింది. “నీ చేత్తో తొడుగు. ఆ పక్క వీధి బ్రిజెట్ వద్దు, దానికి బొత్తాలు పెట్టడం రాదు.”

“నీకు పిచ్చి పట్టిందా అత్తయ్యా!” అని కసిరాను. మార్చిలో ఆమెకు దగ్గు ముదిరి, జ్వరం కాసి, పాదిరిగారు వచ్చి చావుబతుకుల్లో ఉన్నవాళ్లకి చేసే నూనె అభ్యంగనం కూడా చేశాక నాకిక కసరడానికి ధైర్యం చాలలేదు. చివరికి కోలుకుని లేచి తిరిగింది. కానీ ఏటిగట్టుకు వెళ్లేది కాదు, నిచ్చెనెక్కేది కాదు. నేను క్యాలెండర్‌లో రోజులు కొట్టేస్తున్నానని మలాకీకి చెప్పలేదు. చెబితే ఏడాదంతా నవ్వేవాడు.

మళ్లీ హాలోవీన్ వచ్చింది. కిటికీలో టర్నిప్ దీపం వెలిగింది. అత్తయ్య మూడు సాసర్లూ ముందు పెట్టుకుని గడియారం చూస్తూ కూర్చుంది. ముద్ద ముట్టలేదు. ఆరు దాటింది. ఆరున్నర దాటింది.

“ఏడాది నిండిందా ఫిలొమినా?”

“నిండిందత్తయ్యా. నిండి అరగంటయింది.”

మట్టి సాసరుకేసి చూసింది. పొయ్యి పక్కన ఖాళీ కుర్చీకేసి చూసింది. ఊళ్లో ఇన్ని శవాల పక్కన కూర్చున్నా ఆమె కంట తడి చూడలేదు నేను. ఆ రోజు భుజాలు ఎగిసిపడేలా ఏడ్చింది.

“అయితే వాణ్ణి నేను చంపలేదే,” అంది.

“ఎవర్ని మామ్మా?” అంది డింప్నా బెదిరిపోయి.

“మా అన్నని.” నడుముకి కట్టుకున్న పాత ఏప్రన్‌తో ముఖం తుడుచుకుని, సాసర్లు పిల్ల ముందుకు తోసింది. “రా, ఇవాళ నువ్వు మార్చు. గంతలు నాకు కట్టండి.”