వంటగట్టుకు టేకు పట్టీ

నా చిన్నప్పుడు, నేను ఐదో తరగతి చదివే రోజుల్లో, మా అమ్మ చూపు పోవడం మొదలైంది. మొదట పొద్దుగూకే వేళకు తడబడేది. తర్వాత పక్కనున్నవి కనబడటం మానేశాయి. ఎదురుగా ఉన్నదే, అదీ గొట్టంలోంచి చూసినట్టు కనిపించేది. అమ్మా బాపూ పట్నంలో పెద్ద దవాఖానకు మూడుసార్లు వెళ్లారు. మూడోసారి నన్నూ తీసుకెళ్లారు. కంటి లోపలి పొర ఎండిపోతున్నదనీ, దానికి మందు లేదనీ, ఉన్న చూపు కూడా రెండు మూడేళ్లలో పోతుందనీ డాక్టరు తేల్చి చెప్పాడు.

మా బాపు వడ్రంగి. శంషాబాద్‌కు విమానాలు రావడం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల లేచిన కొత్త ఇళ్లలో వంటగదుల చెక్కపని ఆయనకు చేతినిండా ఉండేది. టేకు చెక్కను సన్నని పట్టీలుగా కోసి, రూటర్ మెషిన్‌తో వాటిమీద గాడులు తీసి, గట్ల అంచులకూ అరల అంచులకూ అందంగా బిగించేవాడు. మా ఇంటి గట్టు మాత్రం ఉత్త నల్లబండ.

ఒకరోజు అమ్మ పప్పు గిన్నె దించి గట్టు మీద పెట్టబోయి, అంచు ఎక్కడుందో తెలియక గాలిలో వదిలేసింది. మరిగే పప్పు నా పాదాల ముందే పడింది. నాకేమీ కాలేదు. అమ్మ గోడకు చేరగిలబడి, "బిడ్డను కాలవెడుతుంటి గదా" అని చాలాసేపు అదే మాట అంటూ కూర్చుంది.

ఆ ఆదివారం మా పెద్దమ్మ వచ్చి అమ్మను రాజేంద్రనగర్‌లోని తన ఇంటికి తీసుకెళ్లింది. అలా తీసుకెళ్లమని చెప్పింది బాపే. వాళ్లు వెళ్లగానే ఆయన పనికి కూర్చున్నాడు. పొడవాటి టేకు పట్టీ కోసి, దానిమీద పొడవునా ఒక గాడి తీశాడు. పొయ్యి ఎదురుగా వచ్చేచోట రెండు గాడులు, సింకు దగ్గర మూడు. చేతికి ముల్లు గుచ్చుకోకుండా గరుకు కాగితంతో రుద్దాడు. గట్టు అంచున, బండకన్నా వేలి మందం లేచి ఉండేలా నిలబెట్టి, బండ కిందున్న చెక్క చట్రానికి స్క్రూలతో బిగించాడు. స్క్రూల తలలు చేతికి తగలకుండా లోపలికి దించాడు. అంత పొందిగ్గా ఆయన ఎవరి ఇంట్లోనూ పనిచేసి ఉండడు. అమ్మ సంబరపడుతుందని నేను గుమ్మంలో ఎదురుచూశాను.

సాయంత్రం అమ్మ వచ్చి పట్టీ మీద చెయ్యి పెట్టింది. మెల్లగా పొయ్యి దాకా జరిపింది. "ఏందిది?" అంది.

"నీ కోసమే. రెండు గీతలు తగిలితే పొయ్యి. మూడు తగిలితే సింకు."

అమ్మ చెయ్యి తీసేసింది. "నాకింకా కనవడుతుంది. నన్నప్పుడే గుడ్డిదాన్ని చేసినవా?"

ఆ తర్వాత నాలుగు రోజులు అమ్మ వంటింట్లో అడుగు పెట్టలేదు. బాపు వండిన మాడిన అన్నమే ముగ్గురం తిన్నాం. ఐదోరోజు పొద్దున ఆయన ఒక్కో స్క్రూ విప్పుతుంటే అమ్మ గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది.

"తీస్తున్నవా?"

"నీకు వద్దంటివి గదా."

"పెట్టేముందు నన్నొక్క మాట అడిగినవా?"

బాపు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఏమని అడగాలె? రేపు నీకు కనవడనప్పుడు ఎట్ల చేద్దామని అడగాల్నా? నాకు నోరు రాలె."

అమ్మ లోపలికి వచ్చింది. పట్టీ తడిమి, "పొయ్యి ముందరికొచ్చినంక రెండు గీతలు తగిలితే ఏం ఫాయిదా? అప్పటికే కొంగు మంట మీదుంటది. జానెడు ముందుగాల్నే తెలవాలె" అంది. కళ్లు మూసుకుని, బొటనవేలు పొయ్యి ఎదురుగా గట్టు అంచున ఆన్చి, జాన చాచి చూపించింది. బాపు అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టాడు. సింకు దగ్గర మళ్లీ జాన పెట్టింది. వేడి గిన్నె దించే చోటు ఆయనకు తట్టనే లేదు. అదీ అమ్మే చూపించింది. ఇద్దరికీ కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి, పని మాత్రం ఆగలేదు. ఆ గీతల ప్రకారం బాపు కొత్త పట్టీ చేసి బిగించాడు.

అప్పటిదాకా అమ్మ ఎక్కడో ఒకచోట మందు దొరుకుతుందని అంటూ ఉండేది. ఆ రోజు తర్వాత ఆ మాట ఎత్తలేదు. డాక్టరు చెప్పినట్టే మూడేళ్లు తిరగకుండా చూపు మొత్తం పోయింది. అమ్మ ఆ పట్టీ పట్టుకునే వండింది, ఒక్కసారీ చెయ్యి కాల్చుకోలేదు. అయితే వండుతూ కూనిరాగం తీయడం మానేసింది. నేను పదో తరగతికి వచ్చేసరికి నా ముఖం ఎలా మారిందో ఆమెకు తెలియదు. ఆమె ఎరిగిన నా ముఖం చిన్నపిల్లది.

కష్టంలో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఇప్పటికీ నా చేతులు ఏదో ఒకటి చేసేయాలని తొందరపడతాయి. మీకేం కావాలని అడిగితే, వాళ్లు దాచుకున్న భయం బయటికి వచ్చేస్తుందేమోనని నోరు పెగలదు. అయినా వాళ్ల పక్కన కూర్చుని, ముందు అడుగుతాను.