స్కూటర్ డబ్బాలోని గాగుల్స్

నేను అక్కడ దిగింది జనవరి మొదటి వారంలో, ఉదయం పదింపావుకు. హెలికాప్టర్ రెక్కలు ఆగలేదు. ముందు సామాను దించారు, తర్వాత నన్ను. చలి సున్నాకు పదహారు డిగ్రీలు కింద. ఆ చోటి పేరు రాయకూడదు. ఎత్తు పదమూడు వేల అడుగులు. ఇరవై పడకల సైనిక ఆసుపత్రి. చలికాలమంతా రోడ్డు ఉండదు. అక్కడ నేను నర్సింగ్ ఆఫీసర్‌ని.

ఇప్పుడు మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. "మంచులో ఎట్లుండాదమ్మా?" అని అందరూ అడుగుతారు. బాగుంటుందని చెప్పి ఊరుకుంటాను. మిగతాది డైరీలో ఉంది.

హెలిప్యాడ్ నుంచి ఆసుపత్రికి రెండు కిలోమీటర్లు. స్నో స్కూటర్ మీద వెళ్లాలి. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, పట్టుకోవడానికి మోటార్ సైకిల్ లాంటి హ్యాండిల్. దాని డ్రైవర్ నాయక్ హోదా సైనికుడు, ముప్పై నాలుగేళ్ల మనిషి. నా ట్రంకు మీద పెయింటుతో రాసిన ఊరి పేరు చదివి నిలబడిపోయాడు.

"శాంతిపురమా? కుప్పం పక్కన శాంతిపురమేనా మేడమ్?"

"ఊ."

"మాది రామసముద్రం. పుంగనూరు దాటి పోవల్ల. అబ్బ, ఈడ తెలుగు వినే రాత ఉండాదని అనుకోలేదమ్మా!"

నలుగురిలో అతను నన్ను మేడమ్ అనేవాడు, ఎవరూ లేనప్పుడు అమ్మా అనేవాడు. నేను కూడా ఎవరూ లేనప్పుడే అన్నా అనేదాన్ని.

సీటు కింది డబ్బాలోంచి స్పేర్ గాగుల్స్ తీసి ఇచ్చాడు. నియమాలు మూడే చెప్పాడు. గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తొద్దు, తల వేడికి లోపల ఆవిరి పడుతుంది. మంకీ క్యాప్ ముక్కు కిందికే లాగాలి, ఊపిరి పైకి తన్నకూడదు. బుఖారీ పొయ్యి పక్కన పెట్టొద్దు. ఫ్రేముకుండే గాలి రంధ్రాల గురించి ఏమీ చెప్పలేదు. వాటిని ఎవరైనా మూస్తారని అతనికి తోచి ఉండదు.

ఆ రెండు కిలోమీటర్లలో ఫ్రేము పైనున్న రంధ్రాల గుండా మంచు పొడి నా కళ్లలో పడింది. మా నాయన శాంతిపురంలో గ్రానైట్ కోసే షెడ్డులో పని చేస్తాడు. కొత్త గాగుల్స్ కొంటే ముందు రంధ్రాలకు ప్లాస్టర్ అంటిస్తాడు. "బొక్కుంటే దుమ్మొస్తాది పాపా" అంటాడు. గంటకోసారి వాటిని తీసి తువ్వాలుతో లోపల తుడుచుకుంటాడు కూడా. అది చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

ఆ వారం సెలవు పూట ఆసుపత్రి వెనక స్కూటర్ షెడ్డుకు వెళ్లి స్పేర్ గాగుల్స్‌కు ఏడు రంధ్రాలూ మూశాను. తర్వాత నాకిచ్చిన గాగుల్స్‌కు అంటించేలోపు ప్లాస్టర్ చుట్ట అయిపోయింది. ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా గమనించి మెచ్చుకుంటే, అప్పుడు నేనేనని చెబుదామనుకున్నాను.

ఫిబ్రవరిలో రెండు రోజులు ఆగకుండా మంచు కురిసింది. మూడో రోజు ఎండ కాసింది. ఉదయం ఏడూ ఇరవైకి పై పోస్టు నుంచి రేడియో.

"సిగ్నల్ జవానుకి ఊపిరి ఆడటం లేదు. నోట్లో నురగ. ఓవర్."

"ఏ రంగు? ఓవర్."

"ఎరుపు కలిసింది. ఓవర్."

ఎత్తువల్ల ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. వెంటనే కిందికి దించకపోతే బతకడు. డాక్టర్ ఆపరేషన్ మధ్యలో ఉన్నాడు. నన్ను వెళ్లమన్నాడు. పోస్టు పద్నాలుగు కిలోమీటర్లు. ఏడూ నలభైకి బయలుదేరాం, ఎనిమిదీ యాభైకి చేరాం. స్ట్రెచర్‌ను స్కూటర్ వెనక కట్టిన స్లెడ్జి బండి మీదికి ఎక్కిస్తుంటే దాని కర్ర తగిలి డ్రైవర్ మెడలో వేలాడుతున్న గాగుల్స్ పగిలాయి. డబ్బాలోంచి స్పేర్ తీసి పెట్టుకున్నాడు. తొమ్మిదీ పదికి దిగడం మొదలుపెట్టాం. దారి గంటా పది నిమిషాలు. సిలిండర్‌లో ఆక్సిజన్ గంటన్నర.

పావుగంటకే ఆగాడు. "లోపల ఆవిరి పట్టేస్తాందమ్మా." బొటనవేలితో తుడిచాడు. మళ్లీ ఆగాడు. ఈసారి ఇటు తిరిగినప్పుడు ఫ్రేము మీద నా తెల్ల పట్టీ కనిపించింది. అది లేకపోతే ఇంకా అధ్వానంగా ఉండేదేమో అనుకున్నాను. చెబుదామని నోరు తెరిచి, జవాను ఆక్సిజన్ మాస్కు సర్దాను.

మూడోసారి ఆగింది తొమ్మిదీ యాభైకి. లోపలి ఆవిరి గడ్డకట్టింది.

"ఏమీ కనపడ్లేదు. సున్నం కొట్టినట్టుండాది." ఎడమ పక్క లోయ. దారి గుర్తుకు వెదురు కర్రలు మాత్రమే.

నా గాగుల్స్ తీసి ఇచ్చాను. లోపల నా మైనస్ అయిదు అద్దాలు బిగించి ఉన్నాయి. పెట్టుకుని వెంటనే తీసేశాడు. "దీంట్లో ఒగ కొండ రెండుగా ఉండాదమ్మా. యా కొండ మీద పోవల్ల?" జవాను గాగుల్స్ పోస్టులోనే ఉండిపోయాయి.

"గాలెంత ఉండాది?"

"యాభై నిమిషాలు."

"దారి ముక్కాలు గంట. ఇంక ఆగితే కుదరదు." స్పేర్ గాగుల్స్ కోటు జేబులో పెట్టుకున్నాడు.

"అన్నా, కండ్లు దెబ్బతింటాయి."

"కండ్ల సంగతి రేపు సూసుకుందాం. నువ్వు వాణ్ని గట్టిగా పట్టుకో."

కొత్త మంచు మీద పడి కళ్లను కాల్చే ఎండ. నలభై ఏడు నిమిషాలు ఒట్టి కళ్లతో నడిపాడు. పదీ ముప్పై ఏడుకు ఆసుపత్రి గుమ్మం ముందు ఆగాడు. సిలిండర్ ముల్లు సున్నా దగ్గర ఉంది. జవాను బతికాడు.

సాయంత్రం అయిదుకు డ్రైవర్ గోడ పట్టుకుని వార్డుకు వచ్చాడు. "కండ్లల్లో ఇసక పోసినట్టుండాదమ్మా." మందు వేసి రెండు కళ్లకూ కట్టు కట్టాం.

మర్నాడు ఉదయం మంచం పక్కన కూర్చున్నాను. కోటు జేబులోని గాగుల్స్ ఇమ్మన్నాడు. ఫ్రేము చుట్టూ వేలితో తడిమాడు. పైన వేలు ఆగింది.

"ఈడేందో అంటించినారే. ప్లాస్టరా?" నవ్వాడు. "బొక్కలన్నీ మూస్తే మన ఊపిరి యాడికి పోతాది? ఇదెవురో గ్రానైట్ షెడ్డోళ్ల పని మాదిరి ఉండాదే."

"నేనే అన్నా. మా నాయన దుమ్ము పడకుండా ఇట్లే అంటిస్తాడు."

నవ్వు ఆగింది.

"మూడుతూర్లు ఆగితిమి గదమ్మా. యాల సెప్పలే?"

కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగాడు. ఆ రోజు డైరీలో ఆ ప్రశ్న ఒక్కటే ఉంది.

మూడో రోజు కట్టు విప్పాం. చూపు వచ్చింది. వెలుగు చూస్తే మాత్రం నీళ్లు కారేవి. డాక్టర్ అతన్ని ఆ చలికాలమంతా స్కూటర్ ఎక్కనివ్వలేదు. స్టోర్‌లో కూర్చోబెట్టారు. ఇంజిన్ చప్పుడు వినిపిస్తే తలుపు దాకా వచ్చి నిలబడేవాడు. నేను షెడ్డు తలుపు మీద అతని మూడు నియమాలూ రాసి, నాలుగోది చేర్చాను. గాలి రంధ్రాలు మూయొద్దు. కింద నా పేరు రాశాను.

ఏప్రిల్‌లో తిరిగి వచ్చాను. కుప్పంలో రైలు దిగి నేరుగా నాయన షెడ్డుకు వెళ్లాను. గాగుల్స్ తీసి తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. ప్లాస్టర్ పీకెయ్యమని మిషన్ల హోరులో గట్టిగా అరిచి చెప్పాను. నేను అంత గట్టిగా మాట్లాడటం ఆయన ఎప్పుడూ వినలేదు.

"దుమ్మో?" అన్నాడు.

"పక్కనుండే రెండన్నా తెరువు నాయనా. కండ్లు కనపడకపోతే చెయ్యి మిషన్ కింద పడతాది."

నా ముఖం చూసి, రెండు తెరిచాడు.

ఆయన గోరు పట్టీ కిందికి పోవడం నేను చూడలేకపోయాను. ఆ ఉదయం నన్ను ఆ ప్రశ్న అడిగాక, కళ్లకు కట్టుతో మంచం మీద కూర్చున్న డ్రైవరే కనిపించాడు. నా ప్లాస్టర్ అంచు వేలితో వెతికి, మెల్లగా పీకుతున్నాడు. ఒక్కో రంధ్రం తెరుచుకున్నప్పుడల్లా దాని మీద వేలు పెట్టి చూసుకుంటున్నాడు. ఏడూ అయ్యాక, పట్టీని ఉండ చుట్టి, నేను ఎటు కూర్చున్నానో తెలియక, ఖాళీగా ఉన్న వైపుకు చెయ్యి చాపాడు.